అయిదో చప్పుడు

ఆ ఎండకాలం మా ఇంట్లో చప్పుళ్లు లెక్కపెట్టే పని నాది.

మామ మల్లప్ప బావులు తవ్వేవాడు. మట్టి ముగిసి బండ తగిలిన చోట ఆయన పని మొదలయ్యేది. ఇటు మొయినాబాద్ దాకా, అటు చిల్కూరు దాకా, ఏ రైతు బావిలో బండ అడ్డం పడినా హిమాయత్‌నగర్ పల్లెలోని మా ఇంటికే కబురు వచ్చేది. ఆయన సమ్మెటతో బండకు రంధ్రాలు కొట్టేవాడు, రంధ్రాల్లో పేలుడు మందు కూరేవాడు, వత్తులు అంటించి తాడు పట్టుకుని పైకి వచ్చేవాడు. అందరూ కట్ట చాటుకు పోయేవారు. ఒక్క మనిషి మాత్రం బావికి వీపు పెట్టి, కళ్లు మూసుకుని, ఒడిలో రాళ్లు పోసుకుని కూర్చోవాలి. ఎన్ని రంధ్రాలో అన్ని రాళ్లు. ఒక పేలుడు వినబడితే ఒక రాయి ముందుకు విసరాలి. చివరికి ఒడిలో రాయి మిగిలిందంటే, బావిలో పేలని మందు మిగిలిందని అర్థం. అప్పుడు కూలివాళ్లెవరూ దిగకూడదు. ఎన్ని రోజులు పట్టినా మామ ఒక్కడే దిగి, దాన్ని వెతికి తీయాలి.

ఇరవై ఏళ్లు ఆ రాళ్లు మా అత్త మారెమ్మ విసిరింది. ఆ యేడు ఆమె మోకాళ్లు వాచి, పొలం దాకా నడవలేకపోయింది. ఫిబ్రవరిలో పెళ్లయి ఆలూరు నుంచి వచ్చిన నేను ఆమె చోట కూర్చున్నాను.

"లెక్క ఆయన చెవుల చెప్పాలె ప్రేమమ్మా, గట్టిగ. దూరంకెళ్లి చెప్తే చెల్లది," అని అత్త నేర్పింది.

"మామ చెవుల నేనెట్ల చెప్పుదు అత్తా?"

"నోరుతోని."

ఆ నోరే నాకు రాలేదు. మామ ఎదుట నిలబడితే నా గొంతులో మాట గొంతులోనే ఆరిపోయేది. అందుకే వేళ్లు చూపేదాన్ని. మూడు పేలితే మూడు, నాలుగు పేలితే నాలుగు. ఆయన నా చేతిని చూసి తలూపేవాడు. ఒక్కసారి కూడా, నోటితో చెప్పు బిడ్డా, అనలేదు.

అది అరవై తొమ్మిదో సంవత్సరం. తెలంగాణ కావాలని పట్నంలో బళ్లు మూతపడ్డాయి. బస్సు ఒకరోజు వస్తే మూడు రోజులు వచ్చేది కాదు. మా ఆయన సాలోమోను పట్నంలో ఒక దవాఖానలో వార్డు పని చేసేవాడు. బస్సులు లేని వారం సైకిలు తొక్కుకుంటూ ఇల్లు చేరేవాడు. చేవెళ్ల రోడ్డు మీద లారీల నిండా కుర్రవాళ్లు నిలబడి "జై తెలంగాణ" అంటూ పోతుంటే, చేలల్లో వంగిన వీపులన్నీ ఒక్కసారి లేచి చూసేవి, మళ్లీ వంగేవి.

ఈస్టరు పోయిన శనివారం, యాదయ్య పటేలు బావిలో మామ అయిదు రంధ్రాలకు మందు కూరాడు.

"సోమవారానికి రాళ్లు ఎత్తుడు షురూ కావాలె మల్లప్పా," అన్నాడు పటేలు. "జరన్ని నీళ్లు కనవడ్తే సాలు. లేకుంటె నా వంకాయ చెట్లు పొయ్యిల పెట్టుకోను పనికొస్తయి."

"ఫికర్ చెయ్యకు పటేలా," అన్నాడు మామ, వత్తులు అంటించి పైకి వచ్చి.

నేను కళ్లు మూసుకున్నాను. ఒకటి. రాయి విసిరాను. రెండు. విసిరాను. అంతలో రోడ్డు మీద లారీ వచ్చింది. డప్పులు, ఈలలు, కేకలు. బండ మోగిందో డప్పు మోగిందో, మోగినది ఒకటో రెండు కలిసి ఒకటయ్యాయో! ఒక రాయి విసిరాను, ఆగి ఇంకొకటి విసిరాను. లారీ దాటిపోయింది. దుమ్ము దిగింది. కళ్లు తెరిచి చూస్తే ఒడిలో ఒక రాయి ఉంది.

మందు పేలక మిగిలిందా? నేను విసరక మిగిలిందా?

కట్ట చాటు నుంచి అందరూ లేచి నా వైపు చూస్తున్నారు. పటేలు పొద్దు చూస్తున్నాడు. తట్టలు మోసే నీలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది.

"ఏమే కొత్తకోడలా, అయిదు దాక లెక్క రాదా? మీ ఆలూరుల బడి లేదా?"

బీరమ్మ కూడా నవ్వింది. అందరూ నవ్వారు. నేను ఒడి దులుపుకుంటున్నట్టుగా లేచాను. రాయి గడ్డిలో పడింది. చేయెత్తి అయిదు వేళ్లూ చూపాను.

మామ తలూపాడు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తెల్లవారితే ఆదివారం, ఆదివారం మా క్రైస్తవులెవరూ పని ముట్టరు. సోమవారం పొద్దున మామ దిగుతాడు, ఆయన వెనుక నీలమ్మ, బీరమ్మ తట్టలతో దిగుతారు. రాళ్లు కదపడానికి గడ్డపార దించుతారు. ఆ గడ్డపార ఎక్కడ తగులుతుందో! ఈలోగా చెప్పాలి. గుడికి పోయేముందు చెప్పాలనుకున్నాను, గుడి నుంచి వచ్చాక చెప్పాలనుకున్నాను, అన్నం వడ్డిస్తూ చెప్పాలనుకున్నాను. ప్రతిసారీ నీలమ్మ నవ్వు అడ్డం వచ్చింది.

చీకటి పడింది. మామ తిని, వాకిట్లో మంచం మీద వాలి, వాలగానే నిద్రపోయాడు. అత్త గడప మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. నేను పొయ్యి దగ్గర కూర్చుని, అత్తతోనైనా ముందు చెబుదామని మాటలు పోగు చేసుకుంటున్నాను.

అప్పుడు ఉట్టి మీది కుండలు ఒకదానినొకటి తాకాయి.

పిల్లి అనుకున్నాను. పిల్లి లేదు. గోడకు వేలాడుతున్న చేట ఊగింది. కాళ్ల కింది నుంచి ఏదో బరువైన బండి, చక్రాలు కనబడని బండి, ఇల్లు దాటి పోతున్నట్టు గొణుగుతూ పోయింది. గంప కింది కోళ్లు ఒక్కసారి అరిచి, ఒక్కసారి ఆగాయి.

"గడప ఎవలు గుంజుతుండ్రే?" అంది అత్త. చేతిలో నూనె గిన్నె అలాగే ఉంది. నూనె మాత్రం గిన్నెలో లేదు.

మరుక్షణం ఊరంతా వీధిలో ఉంది. గండిపేట చెరువు కట్ట తెగిందని ఒకరు, నీళ్లు వస్తున్నాయని ఒకరు, పోలీసులు బాంబులు వేశారని ఒకరు. బీరమ్మ మేకపిల్లను చంకనెత్తుకుని గుడి మెట్లెక్కింది. మెట్లెక్కాక, బిడ్డలు ఇంట్లోనే ఉన్నారని గుర్తొచ్చి తిట్టుకుంటూ దిగింది. చప్పుడు తూర్పు నుంచి వచ్చిందని నీలమ్మ, పడమటి నుంచి వచ్చిందని ఆమె మొగుడు అక్కడికక్కడే తగువు పడ్డారు. ఎవరికీ ఏమీ తెలియదు. తెలియదని ఒప్పుకునేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

పటేలు పాలేరు పరుగెత్తుకొచ్చాడు. "గదేం లేదు. మల్లప్ప మందే. పటేలు బావిల మిగిలిన మందు పేలింది!"

ఆ మాట విన్నాక నేను వాకిట్లోనే కూలబడ్డాను. పేలింది. మిగిలినది పేలిపోయింది. బావిలో ఎవరూ లేని వేళ, ఎవరికీ దెబ్బ తగలకుండా, నా తప్పు దానంతటదే పేలిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అది భయపు ఏడుపు అనుకుని ఎవరో నా వీపు నిమిరారు.

ఇంత గోలలోనూ మామ నిద్ర లేవలేదు. ఇద్దరు మంచం పట్టుకుని ఊపితే లేచి కూర్చున్నాడు.

"ఏమైంది?"

"భూమి అదిరింది మల్లప్పా!"

"ఎప్పుడు?"

వీధి వీధంతా గొల్లున నవ్వింది. మామ నవ్వలేదు. మంచం దిగి, మోకాళ్ల మీద వంగి, అరచేయి నేలకు ఆనించి కాసేపు ఉన్నాడు. ముప్పై ఏళ్లు తన చేత్తో భూమిని అదిరించిన మనిషి, ఎవరో తనకు తెలియకుండా అదిరిస్తే చేయి పెట్టి చూస్తున్నట్టు ఉంది. తర్వాత నా వైపు తిరిగాడు.

"బిడ్డా, నిన్న అయిదు పేలినయి గద?"

చెప్పవచ్చు. ఇప్పుడైనా చెప్పవచ్చు. కానీ పేలిపోయినదాని గురించి ఇప్పుడు చెప్పి ఏం లాభం? తలూపాను.

"అయిదు పేల్తే మరి ఇదేంది?" అన్నాడాయన, ఎవరినీ అడగనట్టుగా.

ఆ రాత్రి ఊరంతా వాకిళ్లలో మెలకువగా ఉంటే, నేను హాయిగా నిద్రపోయాను.

సోమవారం పొద్దున బావి అంచున నిలబడి చూసినవాళ్లకు అనుమానమే లేకపోయింది. ఒక పక్క ఒడ్డు జారి, రాళ్ల మీద ఎర్రమట్టి కుప్పగా పడి ఉందట. "రాత్రి పేలింది గిదే," అని పటేలు తేల్చాడట. ఇదంతా నీలమ్మ కొడుకు కల్లు ముంతకు పోతూ మా వాకిట్లో చెప్పిన సంగతి. నేను జొన్నరొట్టెలు కాలుస్తున్నాను. సద్ది మూట కట్టి పొలానికి పంపాలి.

మూట ముడి వేస్తుండగా సైకిలు గంట వినబడింది. మా ఆయన. రాత్రి డ్యూటీ దిగి, చీకటితోనే బయలుదేరి, చెమటలో తడిసి వచ్చాడు. సైకిలు దిగకుండానే మొదలుపెట్టాడు.

"అవ్వా, మీకు ఎర్కనా? రాత్రి పట్నమంతా ఊగింది! మా వార్డుల మంచాలు రైలుపెట్టెల లెక్క కదిలినయి. కాలు ఇరిగి పిండికట్టు ఏసుకున్నోడు, నెలరోజులాయె లేవక, గాడు అందరికంటె ముందుగాల ఉరికిండు. డాక్టరు సాబుకు అయితే చెప్పులు మారినయి, ఒకటి ఆయనది, ఒకటి నర్సమ్మది."

"పట్నంల గూడ అదిరిందా?" అంది అత్త. "మీ అయ్య మందు పట్నం దాక అదిరిచ్చిందా?"

"మందేందే అవ్వా, భూకంపం! గోదావరి దిక్కు పుట్టిందంట. రేడియోల చెప్పిండ్రు."

రొట్టె పెనం మీదనే మాడింది. ఆ వాసన నాకు తెలుస్తూనే ఉంది, చేయి మాత్రం కదల్లేదు. పట్నం అదిరింది. గోదావరి అదిరింది. అయితే పటేలు బావిలో పేలినది ఏదీ లేదు. అయిదోది అక్కడే ఉంది. దాని మీద ఎర్రమట్టి కుప్ప ఉంది. ఆ కుప్ప మీదికి ఈ పాటికి మామ దిగుతూ ఉంటాడు.

"ఇగో," అన్నాను. మొగుణ్ణి పేరు పెట్టి పిలవని రోజులవి. "నన్ను బాయి కాడికి తీస్కపో."

"సద్ది నేనిచ్చొస్త తియ్."

"సద్ది కాదు. సైకిల్ తిప్పు."

"ఊరు సూస్తదే, సైకిల్ మీద..."

"సూడనియ్!"

అత్త నా మొహం చూసి, గోడ పట్టుకుని లేచి నిలబడింది. "ఏమాయెనే?" అంది. సైకిలు వెనుక ఎక్కి కూర్చున్నాను. కొత్తకోడలు మొగుడి సైకిలెక్కి పోతోందని వీధి గడపలన్నీ నోళ్లు తెరిచాయి. మా ఆయన తొక్కాడు. మొరం బాటలో చక్రం జారిన చోట దిగి పరుగెత్తాను.

బావి చుట్టూ మనుషులు. తట్టలు పట్టుకుని నీలమ్మ, బీరమ్మ అంచున నిలబడి, తమ వంతు కోసం చూస్తున్నారు. మామ తాడు పట్టుకుని సగం దిగాడు. గడ్డపార అప్పటికే కిందికి దించేశారు.

"మామా! దిగకు!"

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అందరూ తిరిగి చూశారు. మామ ఒక్కడే చూడలేదు. దిగుతూనే ఉన్నాడు.

"అగో, కోడలు నోరు తెరిచింది!" అంది నీలమ్మ.

"మామా!"

ఇంకా దిగాడు. అడుగు మట్టికి నిలువెడు దూరం. నేను అంచున మోకాళ్ల మీద పడి, మళ్లీ అరిచాను. పక్క పొలంలో ఎద్దులు తోలేవాడు ఆగి చూశాడు. చింతచెట్టు మీది కొంగలు లేచిపోయాయి. నా కళ్ల కింద, పిలుపు దూరంలో ఉన్న మనిషి తల ఎత్తలేదు. అప్పుడు తాడు రెండు చేతులా పట్టుకుని ఊపాను.

తాడు కదిలాక తలెత్తాడు. నేను చేయి చాచి నాలుగు వేళ్లు చూపాను.

ఆయన నా వేళ్ల వైపు చూశాడు. తన కాలు మోపబోతున్న మట్టి వైపు చూశాడు. మళ్లీ నా వేళ్ల వైపు చూశాడు. తర్వాత, దిగినంత నెమ్మదిగానే, పైకి ఎక్కి వచ్చాడు.

"ఇయ్యాల పని బందు," అన్నాడు తువ్వాలు దులుపుతూ.

"ఎందుకు బందు? ఏమైంది మల్లప్పా?" పటేలు గొంతు పెంచాడు.

"లెక్క తప్పింది. నేనే తప్పిన. ఎవలు దిగొద్దు. నేనొక్కన్నే దిగి సూస్త."

నీలమ్మ తట్ట కింద పెట్టింది. ఈసారి నవ్వలేదు.

రెండు రోజులు ఆయన ఒక్కడే దిగాడు. కుండలతో నీళ్లు పోసి మట్టి తడిపాడట. గడ్డపార ముట్టకుండా, రాయి రాయి చేత్తో తీశాడట. మా ఆయన డ్యూటీకి పోకుండా బావి అంచునే కూర్చుని వచ్చేవాడు. ఇంట్లో గిన్నె జారి పడితే అత్త గుండె పట్టుకునేది, తలుపు కొట్టుకుంటే నేను లేచి నిలబడేదాన్ని. మంగళవారం పొద్దుగూకే వేళ మామ వచ్చాడు. చేతుల గోళ్ల కింద ఎర్రమట్టి. అయిదో రంధ్రం దొరికింది. వత్తి జానెడు కాలి ఆగింది. మందు పెట్టింది పెట్టినట్టే ఉంది.

కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. నేను వడ్డించడానికి వంగి, ఆయన పళ్లెం ముందే కూర్చుండిపోయాను.

"మామా, రాయి మిగిలె. నేను కింద పడేసిన."

ఆయన నా పెదాల వైపే చూస్తున్నాడు. ఆయన ఎప్పుడూ మనుషుల పెదాల వైపే చూస్తాడని అప్పుడు తెలిసింది.

"నాకు మూడే వినవడ్డయి బిడ్డా," అన్నాడు. "పోయిన యేడు అయిదుకు నాలుగు వినవడేటియి. ఈ యేడు మూడే. నీ చెయ్యి సూసి, సరే అనుకున్న."

అత్త గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆమెకు మూడేళ్లుగా తెలుసు. ఆయన చెవిలో గట్టిగా చెప్పాలని నాకు నేర్పింది అందుకే. "ఈ ముచ్చట ఈ ఇంట్లనే ఉండాలె," అంది గోడతోనే. "చెవులు పోయినోనికి బాయి ఎవలిస్తరు? ఏం తింటం?"

మామకు అది వినబడలేదు. అన్నం కలుపుకుంటున్నాడు.

ఆ వచ్చే ఆదివారం గుడి నిండిపోయింది. ప్రసంగం ముగిశాక సాక్ష్యాల వేళ. ఆ వారం తమకు జరిగినది, దేవుడు కాపాడినది, ఎవరికి వారు లేచి చెప్పే ఆచారం మా గుడిలో ఉంది. మామూలుగా ఇద్దరు లేస్తే గొప్ప. ఆ రోజు మా పాస్టరు సాముయేలు అయ్యగారు ఆపలేకపోయారు. చాప మీది ప్రతి మనిషికీ ఒక భూకంపం ఉంది. ఒకరి ఇల్లు ముందుకు వంగింది, ఒకరి ఇల్లు వెనక్కి వాలింది. ఒకరికి అది రెప్పపాటు, ఒకరికి ఒక కీర్తన పాడేంత సేపు. బీరమ్మ తనను ఎవరో ఊయలలో ఊపినట్టు ఉందని చెప్పింది, మేకపిల్ల సంగతి చెప్పలేదు. నీలమ్మ తూర్పునే ఖాయం చేసింది.

అప్పుడు మగవాళ్ల వైపు నుంచి మామ లేచాడు. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా సాక్ష్యానికి లేవని మనిషి.

"నేను పండుకున్న," అన్నాడు.

గుడి అంతా నవ్వింది. అయ్యగారు కూడా నవ్వారు. నవ్వు తగ్గేదాకా ఆయన నిలబడే ఉన్నాడు. నవ్వు ఆయనకు వినబడిందో లేదో తెలియదు, కనబడింది మాత్రం నిజం.

"లోకమంత లేసింది, నేను లేవలే. నాకు వినవడ్తలేదు. మీరు పిలిస్తే వినవడ్తలేదు, బండ పేలినా సరిగ వినవడ్తలేదు. మూడేండ్లాయె. మీతోని చెప్పలే. మీ మొగోళ్లను, మీ ఆడోళ్లను గట్లనే బాయిల దించిన. ఇగ మందు ముట్ట. యాదయ్య పటేలుకు పొద్దుగాలనే చెప్పిన, వేరే మనిషిని సూసుకొమ్మని. మొన్న లెక్క తప్పింది నాది. దేవుడు దిగకుంట ఆపిండు."

కూర్చున్నాడు. నవ్వినవాళ్లు చాపలు చూసుకుంటున్నారు. పక్కనే అత్త కళ్లు మూసుకుని ఉంది. మా ఇంటి అన్నం లేచి నిలబడి, నాలుగు మాటలు చెప్పి, కూర్చుంది.

లెక్క తప్పినది ఆయన కాదు. ఆ మాట తెలిసినవాళ్లం ఆ గుడిలో నలుగురమే ఉన్నాం. మిగతా ముగ్గురూ చెప్పరు.

నేను లేచాను. అత్త నా కొంగు పట్టుకుని కిందికి లాగింది. కొంగు ఆమె చేతిలోనే ఉంది, నేను మాత్రం నిలబడే ఉన్నాను. రెండు వైపులా తలలన్నీ నా వైపు తిరిగాయి.

కొత్తకోడలు కూడా తన భూకంపం చెప్పడానికి లేచిందనుకున్నారు అయ్యగారు. బెదరకుండా మాట్లాడాలని దయగా, నెమ్మదిగా అడిగారు.

"చెప్పమ్మా. భూమి అదిరినప్పుడు నీకు ఎట్ల అనిపించింది?"

మామ నా పెదాల వైపు చూస్తున్నాడు. ఆయనకు తెలియాలని ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాను.

"సంతోషమైందయ్యగారూ."